పట్టా కోసం ఇల్లరికం

ఆ రోజుల్లో లెక్కలు వస్తే చాలు, ఇంజనీరైపోవచ్చని మేమంతా నమ్మేవాళ్ళం. మా ముందు బ్యాచ్ దాకా అది నిజం కూడాను. మేం చివరి ఏడాదికి వచ్చేసరికి పైన ఎక్కడో పెద్దలు కూర్చుని, చదువుకున్నవాడికి దేశం తెలియడం లేదని, గీతలు గీసే టీస్క్వేరు పట్టిన చేతికి పలుగు పట్టడం రావడం లేదని తేల్చారు. (రెండూ నిజమే. నాకైతే టీస్క్వేరు పట్టడం కూడా అంత గొప్పగా వచ్చేది కాదు.) దాంతో ఉన్నత విద్యలో కొత్త సంస్కరణ ఒకటి వచ్చి సరిగ్గా మా నెత్తిన పడింది. విద్యార్థి వేసవిలో ఒక పల్లెకు వెళ్ళాలి. అక్కడ ఒక ఇంట్లో ఇంటి మనిషిలా ఉండాలి. జీతం పుచ్చుకోకూడదు. ఏ పని చెబితే ఆ పని చెయ్యాలి, పెట్టింది తినాలి, ఊరివాళ్ళతో కలిసి ఊరికి పనికొచ్చేది ఒకటి కట్టాలి. అన్నీ అయ్యాక కళాశాల నుంచి వచ్చే మాస్టారి ఎదుట ఆ ఇంటి పెద్ద 'ఈ కుర్రాడు నాకు తృప్తి' అని తన నోటితో చెప్పాలి. చెప్పకపోతే పట్టా లేదు. ఆ రూలు రాసినవాళ్ళెవరో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే వెళ్ళి దండం పెట్టి వద్దును. వాళ్ళు అనుకున్నది ఒకటి, నాకు జరిగింది ఇంకొకటి. జరిగిందే బాగుంది.

మావాళ్ళు చాలామంది బస్సు ఆగే ఊళ్ళు చూసుకున్నారు. ఒకే ఊరి మీద అరడజను మంది పడి అందరూ ఇంకుడు గుంటలే తవ్వారు. చివరికి ఇళ్ళకంటే గుంటలు ఎక్కువై, గేదెలు వాటిలో పడుతుంటే ఊరివాళ్ళు తిట్టుకుంటూ పూడ్చుకున్నారు. (పూడ్చడానికి ఓ చెయ్యి వేసి, అది కూడా సేవ కిందే రాయించుకున్నాడు మావాడొకడు. ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు.) నా పద్ధతి వేరు. పళ్ళు తోముకోవడానికి కూడా ముందు పట్టిక వేసుకునే జబ్బు నాది. నాకు కావలసిన ఊరికి ఉండాల్సిన లక్షణాలు రాసుకున్నాను: గెడ్డ, అంటే కొండవాగు, ఉండాలి, దాని మీద వంతెన ఉండకూడదు, ఒడ్డున రాయి దొరకాలి, దగ్గర్లో కలప ఉండాలి. అరకు సంతలో ఉప్పు, బట్టలు అమ్ముకునే మా మేనమామకు ఈ పట్టిక పంపితే, "అలాంటి ఊళ్ళు ఇక్కడ కొండకొకటి, బయల్దేరి వచ్చెయ్" అని కబురు పంపాడు.

నాకు పట్టా ఎంత అవసరమో చెప్పాలి. ఆనకట్ట పనుల్లో సూపర్‌వైజరు ఉద్యోగం ఒకటి నాకు ఖాయమై ఉంది. వానాకాలం మొదలయ్యేలోగా పట్టా తెచ్చి చూపించకపోతే అది జాబితాలో నా తరవాతివాడికి పోతుంది. ఆ తరవాతివాడు నా గదిలోనే ఉండేవాడు, నా సబ్బే వాడేవాడు. వాడికి అప్పుడే ఉద్యోగం వచ్చేసినట్టు రోజూ నా వంక జాలిగా చూసేవాడు. ఇక మా అన్నయ్య తన చదువు మధ్యలో ఆపేసి, సైకిలు షాపులో పంక్చర్లు వేసి నన్ను చదివించాడు. నాకు ఉద్యోగం వచ్చాక తాను ప్రైవేటుగా మెట్రిక్ కట్టాలని, దుమ్ము దులిపిన పాత పుస్తకాలు కిటికీలో పెట్టుకుని చూస్తున్నాడు. అంచేత నాకు కావలసింది ఒక్కటే, ముక్కూ మొహం తెలియని ఒక కొండ ఊరి పెద్ద నోట ఒక్క మాట.

బస్సు దిగి, సంత దాటి, గెడ్డలో మోకాలి లోతు నీళ్ళలోంచి నడిచి ఆ ఊరు చేరాం. చుట్టూ పనస చెట్లు, వాటి కింద తాటాకంత పొడుగు నీడలు, ఎర్రమట్టితో అలికిన అరుగులు. మా మామ ఊరి పెద్దాయన్ని పిలిచి నన్ను ఆయన ముందు నిలబెట్టి చెప్పిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "ఈడు మా మేనల్లుడు. నీ ఇంట్లో ఉంటాడు. జీతం వద్దు. దున్నమంటే దున్నుతాడు, మొయ్యమంటే మోస్తాడు, నువ్వు పెట్టిందే తింటాడు. వానలదాకా చూసుకో. నీకు నచ్చితే నచ్చాడని ఒక్క మాట చెప్పు, అంతే చాలు." మా మామ ఆ కొండల్లో పదేళ్ళుగా వ్యాపారం చేస్తున్నవాడు. ఆ మాటలకు అక్కడ ఏమి అర్థమో ఆయనకు తట్టి ఉండాల్సింది. ఉప్పు గిరాకీ ధ్యాసలో ఉండి తట్టలేదు.

పెద్దాయన నా చుట్టూ ఒకసారి తిరిగాడు. నా అరచేతులు తిప్పి చూశాడు. "నాగలి పట్టినాడేటి ఎప్పుడైనా?" అన్నాడు. "నేర్చుకుంటాడు" అన్నాడు మామ. అరుగు మీద కూర్చున్న పెద్దాయన తల్లి (చుట్ట వెలిగిన కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తుంటే నేను అంతకుముందు ఎన్నడూ అడ్డపొగను అంత దగ్గరగా చూడలేదు, అంచేత మనసులో ఆవిడకు అడ్డపొగ అవ్వ అని పేరు పెట్టేశాను) చుట్ట తీసి, "తిండెంత తింతాడు?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఇంట్లోంచి నీళ్ళ కుండతో వస్తున్న పెద్దాయన కూతురు మాత్రం నవ్వలేదు. మా మామ మాటలన్నీ విన్నట్టుంది, కుండ దబ్బున దించి లోపలికి వెళ్ళిపోయింది. కుండ పగలనందుకు నేను మట్టి నాణ్యతను మెచ్చుకున్నాను.

మర్నాటి నుంచీ నా సేవ మొదలైంది. వంతెన కంటే ముందు ఇంటి పనులు. మొదటి జల్లులు పడి, చోడి (రాగి) చేను దున్నాల్సి వచ్చింది. నేను చేనును టేపుతో కొలిచి, అటూ ఇటూ మేకులు పాతి, చాళ్ళు తిన్నగా రావాలని దారం కట్టాను. ఎడ్లు ఆ దారాన్ని మూతితో వాసన చూసి, తెంపుకుని, నన్ను కూడా తమతో తీసుకుపోయాయి. సాయంత్రానికి చేను మీద నా సంతకం లాంటి గీత ఒకటి మిగిలింది. కావిడితో నీళ్ళు తెమ్మంటే, బరువు ఎక్కడ ఆనాలో లెక్కగట్టి భుజాన పెట్టుకున్నాను. లెక్క సరైందే, భుజమే సరైంది కాదు. ఇల్లు చేరేసరికి ముందు కుండలో నీళ్ళు, వెనక కుండలో ఆకాశం. జీలుగు చెట్టెక్కి కల్లు దింపమన్న రోజున సగం దాకా ఎక్కి, అవ్వ ఆరబెట్టుకున్న అడ్డాకుల కుప్ప మీదకు దిగాను. "మీ అమ్మ నీకు బువ్వెట్టనేదేటి మనవడా?" అంది అవ్వ, ఎంతో జాలిగా. నన్ను మనవడా అన్నందుకు నా కళ్ళు చెమర్చాయి. ఊరి పిల్లలైతే మరీ ప్రేమగా ఉండేవాళ్ళు. నేను కనపడగానే "బావా, బావా" అని వెంటపడి, కిసకిసా నవ్వి పారిపోయేవాళ్ళు. 'గ్రామస్థులు నన్ను తమ కుటుంబ సభ్యుడిగా స్వీకరించారు' అని కళాశాలకు పంపే నివేదికలో రాశాను. అంతకంటే నిజమైన వాక్యం నేను జీవితంలో రాయలేదు.

ఆ ఇంట్లోనే పనిచేస్తున్న ఇంకొక కుర్రాడున్నాడు. కొండకు అవతలి ఊరివాడు. ఎప్పుడూ ఈల వేస్తూ ఉండేవాడని పిల్లలు చెప్పారు కనుక ఈలగాడు అనుకునేవాణ్ణి. నేను వచ్చిన రోజు నుంచీ ఈల మానేశాడు. వాణ్ణి పాలేరనుకున్నాను. వంతెన పని మొదలుపెట్టి, రెండు ఒడ్డుల మీదా రాతి దిమ్మలకు గీతలు గీసి, నేను ఒక రాయి మోస్తే వాడు నా వంక గుడ్లురిమి చూసి రెండు మోసేవాడు. నేను తూకం గుండు వేలాడదీసి రాయి నిలువుగా ఉందో లేదో చూస్తుంటే, వాడు ఈలోగా మూడో రాయి తెచ్చి నా కాలి పక్కన పడేసేవాడు. (పక్కనే. రెండంగుళాలు ఇటైతే ఈ కథ ఇంకోలా ఉండేది.) మద్ది దూలాలు అడవిలోంచి లాక్కురావడానికి పదిమంది కావాలని నేను పట్టికలో రాసుకుంటే, వాడు తన ఊరి కుర్రాళ్ళను పిలుచుకొచ్చి ఒక్క పూటలో తెచ్చి పడేశాడు. నాకు ఆశ్చర్యం, ఆనందం. 'నా సేవాభావం స్థానిక యువకులలో గాఢమైన స్ఫూర్తిని నింపింది' అని మరో నివేదిక.

వంట ఆ అమ్మాయిదే. మనసులో నేను ఆమెకు పెట్టుకున్న పేరు మిరపకాయ. దానికి కారణం ఆమె మాట కాదు, ఆమె నాతో అసలు మాట్లాడేదే కాదు. కారణం కూర. వెదురుకొమ్ముల కూరైనా, పనసకాయ కూరైనా నా అడ్డాకులో వడ్డించింది మాత్రం నిప్పులా ఉండేది. మిగతావాళ్ళు హాయిగా తింటుంటే నాకొక్కడికే కళ్ళు, ముక్కు, చెవులు అన్నీ ఒకేసారి కారేవి. కొండ నాలుకలు గట్టివి, మనదే సుకుమారం అనుకున్నాను. పెట్టింది తినాలని రూలు. ఆకు ఖాళీ చేసి, "చాలా బాగుంది, ఇంకొంచెం వెయ్యండి" అనేవాణ్ణి. ఆమె ముఖం పాలిపోయేది. మర్నాడు ఇంకో గుప్పెడు కారం పడేది.

వంతెన మీద వెదురు పరిచే పని ఒక్కటీ మిగిలి ఉన్నప్పుడు, ఒక సాయంత్రం గెడ్డ ఒడ్డున ఆమె నా దగ్గరికి వచ్చింది. నీళ్ళ కుండ చంకనే ఉంది.

"పంతులూ, ఎన్నాళ్ళుంతావు?"

"పని పూర్తయ్యేదాకా."

"అయిపోనాక ఎలిపోతావేటి?"

"ఎలా వెళ్తాను? మీ నాన్న నోట తృప్తి అన్న మాట రాకుండా ఇక్కణ్ణించి కదలను. దానికోసం ఎన్ని కష్టాలైనా పడతాను. నా బతుకంతా ఆ మాట మీదే ఉంది."

"మా అయ్య ఒద్దంటేనో?"

"కాళ్ళు పట్టుకుంటాను."

ఆమె నన్ను కాసేపు చూసింది. "సిగ్గునేదు నీకు!" అని, నింపిన కుండ అక్కడే బోర్లించేసి, కళ్ళు తుడుచుకుంటూ పోయింది. ఒక వంతెన కోసం అమ్మాయి కన్నీళ్ళు పెట్టుకోవడం నాకు కొంచెం అతిగా తోచింది.

ఆ వారం సంతకు మేకుల కోసం వెళ్ళాను. మా మామ నన్ను చూడగానే ఉప్పు కొలుస్తున్న కుంచం వదిలేసి, రెక్క పట్టుకుని దుకాణం వెనక్కు లాక్కుపోయాడు. ఆయన ముఖంలో నెత్తురు లేదు.

"ఒరే, నువ్వక్కడ ఇల్లరికం అల్లుడిగా ఉన్నావట్రా! సంతంతా అదే మాట!"

ఆయన గుక్కతిప్పుకుని చెప్పింది ఇదీ. ఆ కొండల్లో పిల్ల తండ్రికి ఓలి డబ్బు ఇచ్చుకోలేని కుర్రాడు ఆ ఇంట్లోనే ఉండి, జీతం తీసుకోకుండా, చెప్పిన పనల్లా చేసి, పెట్టింది తిని, చివరికి మామ నోట 'తృప్తి' అనిపించుకుని పిల్లను చేసుకుంటాడు. అది వాళ్ళ ఆచారం, మర్యాదైన పద్ధతి. ఈలగాడు పాలేరు కాదు, ఏడాది నుంచీ అలా చేస్తున్నవాడు. ఇంకో నెలలో పెళ్ళి అనుకుంటుండగా మా మామ నన్ను తీసుకెళ్ళి వాకిట్లో నిలబెట్టి, మా సంస్కరణలోని రూళ్ళన్నీ వరసగా అప్పజెప్పాడు. ఎక్కడో నగరంలో కుర్చీల్లో కూర్చున్న పెద్దలు, తెలియకుండానే, అరకు కొండల పెళ్ళి నిబంధనలను మా కోర్సులో చేర్చేశారు!

"చెప్పేస్తాను మామా, పిల్ల కోసం రాలేదని."

"చస్తావా? ఇన్నాళ్ళు ఆ ఇంట్లో తిని, పిల్ల నాకొద్దు అంటే ఆ పిల్ల ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది? వచ్చినవాడు వదిలేసి పోయాడంటారు. వాళ్ళు నిన్ను వద్దనాలి గాని, నువ్వు వద్దనకూడదు."

నేను తిరుగుదారిలో లెక్క వేసుకున్నాను. పెద్దాయన తృప్తి అంటే పట్టా వస్తుంది, పిల్ల కూడా వస్తుంది, ఈలగాడి ఏడాది గెడ్డలో కలుస్తుంది. తృప్తి కాదంటే ఆ ఇద్దరూ బతికిపోతారు, నా ఉద్యోగం నా సబ్బు వాడినవాడికి పోతుంది, అన్నయ్య పుస్తకాలు మళ్ళీ అటక ఎక్కుతాయి. నేనే నిజం చెబితే అమ్మాయి పరువు పోతుంది. నాలుగేళ్ళలో మాస్టార్లు ఇచ్చిన ఏ లెక్కా ఇంత మొండిగా లేదు. పెద్దాయన్ని పక్కకు పిలిచి ఏదో ఒకటి మాట్లాడదామని వేగంగా నడిచాను. ఊరు చేరేసరికి ఆలస్యమైపోయింది. రోడ్డు ఆగిపోయిన చోట జీపు ఉంది. గెడ్డ దగ్గర ఊరంతా ఉంది. వంతెన మధ్యలో, చేతిలో కాగితాలతో, మా మాస్టారున్నారు. (ఈయన ఆ రూళ్ళు రాసిన సంఘానికి సలహాలు ఇచ్చారని కళాశాలలో చెప్పుకునేవాళ్ళు. అంచేత రూలంటే ఆయనకు కన్నబిడ్డ.) వెదురు అప్పటికే పరిచేసి ఉంది. నేను సంతకు వెళ్ళిన పూటలో ఈలగాడు పూర్తి చేసేశాడు.

మాస్టారు వంతెన మీద అటూ ఇటూ నడిచి, ఎగిరి చూసి, సంతోషంగా తల ఊపి, పెద్దాయన వైపు తిరిగారు. "ఏం పెద్దాయనా, ఈ కుర్రాడు మీకు తృప్తేనా?"

మిరపకాయ వెళ్ళి అవ్వ భుజం పట్టుకుంది. ఈలగాడు నేలను చూస్తున్నాడు. పెద్దాయన నా వైపు చూశాడు. ఎంత నొచ్చుకుంటూ చూశాడంటే, ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే.

"అబద్దం సెప్పనేను బాబూ. గుంటడు మంచోడే. మాట మంచిది. పెట్టిందల్లా తింతాడు, అంత కారం మా ఎద్దు కూడా తిననేదు. అయితే దున్నటం రాదు. కావిడెత్తితే నీల్లు దారికే సాలవు. సెట్టెక్కితే కాయకన్నా బేగి ఆడే దిగుతాడు. ఏటి సెప్పినా ముందు కొలుత్తాడు. మొన్న మేకను కట్టీమంటే తాడు కొలిసినాడు, ఈలోగా మేక ఎలిపోనాది. నాకేటి తోస్తందంటే, కింద ఈడికి ఎవులూ పిల్లనివ్వనేదు, పాపం, అందుకే ఇంత దూరం వచ్చినాడు. నానిచ్చీగలనా? రేపు నేనుండను. నా గుంట ఎలా బతుకుతాది? తృప్తి నేదు బాబూ. పదేను రోజుల్నించీ ఎలా సెప్పాలో తెలక సస్తన్నాను."

నా పరిస్థితి ఊహించండి. ఒక్కొక్క లోపం ఆయన చెబుతుంటే ఆ అమ్మాయి గట్టెక్కుతోందని సంతోషం. అదే లోపానికి నా పట్టా మునుగుతోందని దుఃఖం. (మేక సంగతి దగ్గర మాత్రం శుద్ధ అవమానం.) నన్ను నేను ఎలా పనికిరానివాడిగా చూపించుకోవాలా అని సంత నుంచి దారంతా ఆలోచిస్తూ వచ్చాను. ఆ శ్రమ అక్కర్లేదని, మొదటి రోజే ఆ పని పూర్తి చేసేశానని అప్పుడు తెలిసింది.

మాస్టారు కళ్ళజోడు తీశారు. "పిల్ల ఏమిటి? నేనడిగేది వంతెన గురించయ్యా!"

"వంతెనా? వంతెనకేటి? ఏనుగు నడిసినా కదల్దు. ఈ వానలకి మా ఊరు సంతకి దూరం అవదు. మా పిల్లలకి ఉప్పుంతాది. దానికి సానా తృప్తి."

"మరి తృప్తి అనడానికేం?"

"అంటే పిల్లనివ్వాలి గదేటి!"

మాస్టారు దిమ్మ మీద కూలబడ్డారు. అవ్వ చుట్ట జారి గెడ్డలో పడిపోయేంతగా నవ్వడం మొదలుపెట్టింది. కాసేపటికి మాస్టారు తేరుకుని, ఇది చదువు కోసం పెట్టిన రూలని, కుర్రాళ్ళందరూ ఇలా ఊరికొకరు వెళ్ళారని, పట్టా కావాలంటే ఇంటి పెద్ద ఒప్పుకోవాలని మెల్లగా వివరించారు. పెద్దాయన విని, ఆలోచించి, నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. నవ్వులు ఆగిపోయాయి.

"అంటే ఈ గుంటడు నా పిల్ల కోసం రానేదా?"

అందరి కళ్ళూ నా మీద. మిరపకాయ కళ్ళూ నా మీదే, కారం కంటే ఘాటుగా. లేదు అంటే నిజం. నిజం చెబితే ఇన్నాళ్ళూ ఊరంతా 'బావా' అని పిలిచినవాడు ఆమెను కాదన్నట్టు. నా దగ్గర పట్టికా లేదు, టేపూ లేదు.

"నేను దేనికొచ్చినా, మీరు నన్ను వద్దన్నారు పెద్దాయనా. అది న్యాయమైన మాట. ఆ మాట మీదే ఉండండి" అన్నాను.

అప్పుడు ఆ అమ్మాయి నవ్వింది. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళలో అదే మొదటిసారి. ఎక్కణ్ణించో సన్నగా ఈల వినిపించింది. పెద్దాయన నా వీపు మీద ఒక్కటి చరిచి (ఇన్నాళ్ళూ మోసిన రాళ్ళకంటే అదే బరువు), మాస్టారితో అన్నాడు: "రాసుకో బాబూ. వంతెనకి తృప్తి. అల్లుడికి తృప్తి నేదు. రెండూ రాయి. ఒకటి రాసి ఒకటి ఒగ్గేస్తే అబద్దమౌతాది." ఇంటి పెద్ద మాటలు ఉన్నవున్నట్టు రాయాలని రూలు. మాస్టారు తన రూలును తాను కాదనలేక, నుదురు రుద్దుకుంటూ రెండూ రాశారు. కళాశాల బీరువాలో ఎక్కడో అది ఇప్పటికీ ఉండి ఉండాలి. దేశంలో ఇంజనీరుగా నెగ్గి, అల్లుడిగా తప్పినట్టు రాతపూర్వకంగా ఉన్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

"నువ్వు రాకపోతే ఈడికింత పని వచ్చని నాకు తెల్దు గదేటి!" అని ఈలగాణ్ణి చూపించి పెద్దాయన అప్పటికప్పుడు పెళ్ళి మాట ఖాయం చేశాడు. వంతెనలో సగానికి పైగా రాళ్ళు వాడివే, ఆ సంగతి నేనే సాక్ష్యం చెప్పాను. వాడు నా దగ్గరికి వచ్చి, ఏమనాలో తెలియక, చేతిలో ఉన్న పనసపండు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పూట నాకు వడ్డించిన కూరలో కారం లేదు. పసిపిల్లలకు పెట్టినట్టు చప్పగా ఉంది. ఆమె ఎదురుగా నిలబడి, "బాగుందేటి పంతులూ?" అని అడిగింది. అన్నాళ్ళుగా ప్రతి పూటా "చాలా బాగుంది" అని అబద్ధమాడిన నేను, ఆ పూట నిజంగా అనాల్సి వస్తే ఆకు ముందుకు జరిపి, తల మాత్రం ఊపాను.

పట్టా వానలకు ముందే చేతికొచ్చింది. అన్నయ్య మెట్రిక్ కట్టాడు, రెండోసారికి గట్టెక్కాడు. మా రూలుకు మరుసటి ఏడు ఒక సవరణ వచ్చింది: పెళ్ళికాని ఆడపిల్ల ఉన్న ఇంట్లో విద్యార్థి ఉండరాదని. (మాస్టారి పనే.) పెళ్ళికాని పిల్ల లేని ఇల్లు దొరక్క కుర్రాళ్ళు ఊళ్ళంట తిరిగి తిరిగి వచ్చేశారు. ఆపై ఏడు రూలే పోయింది. నాకు బాధే వేసింది. పోయిన సంస్కరణ నా ఒక్కడికైనా మేలు చేసింది. దాని పుణ్యమా అని ఒక ఊళ్ళో పదిహేను రోజులు ఒక తండ్రి నన్ను వద్దనడానికి మనసు రాక మథనపడ్డాడు. తరవాత నాకు పిల్లనిచ్చిన మా మామగారు అంత శ్రమ పడలేదు. పట్టా వంక, జీతం వంక చూసి కాఫీ చల్లారేలోగా ఒప్పేసుకున్నారు. నీళ్ళ బిందె ఎత్తగలనా అని కూడా అడగలేదు.

ఆ బిందె సంగతి మా ఆవిడకు ఇప్పుడు బాగా తెలుసు. నేను నీళ్ళు తెచ్చి గదంతా తడిపినప్పుడల్లా, "ఆ కొండమీద పెద్దాయన మనుషుల్ని చూసినవాడు" అంటుంది. ఎప్పుడైనా చెయ్యి జారి కూరలో కారం ఎక్కువైతే మాత్రం కంగారుపడి మజ్జిగ అందిస్తుంది. నేను వద్దంటాను. కళ్ళనీళ్ళు కారుతూ, ముక్కు తుడుచుకుంటూ, ఆకు ఖాళీ చేస్తాను. ఎందుకు నవ్వుతున్నానో ఆవిడకు అర్థం కాదు. ఆ వయసులో, ఆ చేతకానితనంలో, నన్ను కూడా ఒకరు తమ పెళ్ళికి గట్టి పోటీ అనుకుని భయపడి, పొమ్మనలేక కూరలో కారం పోశారు మరి. అంత గౌరవం నాకు ఆ తరవాత ఏ ఆఫీసులోనూ దక్కలేదు.